తలల లెక్క

మా ఇంట్లో ఏ ప్రయాణమైనా ఎక్సెల్ షీటుతోనే మొదలవుతుంది. గొప్ప కోసం చెప్పడం లేదు, ఇదొక జబ్బు. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసి, ఇరవయ్యేళ్ళుగా కంపెనీల లెక్కల్ని పాత సాఫ్ట్‌వేర్‌లోంచి కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చిపెడుతున్నవాడికి పెళ్ళి భోజనాల దగ్గర కూడా వరసలూ గళ్ళే కనిపిస్తాయి. అందుకే 2025 మార్చిలో మా అమ్మాయి "దైమానియత్ దీవులకి వెళ్దాం నాన్నా, స్నార్కెలింగ్ చేద్దాం. మా క్లాసులో నేనొక్కదాన్నే వెళ్ళలేదు" అనగానే నేను చేసిన మొదటి పని ల్యాప్‌టాప్ తెరవడం. "మా క్లాసులో నేనొక్కదాన్నే" అన్నది ఏ తండ్రీ ఆడిట్ చెయ్యలేని అంకె కదా!

మేముండేది మస్కట్‌లో ఘాలా అనే పేటలో. ఫోటోల్లో కనిపించే మస్కట్ కాదిది. ఒకవైపు కార్ల వర్క్‌షాపులు, గోడౌన్లు, ఇంకోవైపు కొత్తగా లేచిన అపార్టుమెంట్లు, వెనకాల గడ్డిపోచ మొలవని కొండలు. సముద్రం కారులో పది నిమిషాల దూరం. 2008లో వచ్చాను. ఈ పదిహేడేళ్ళలో ఆ సముద్రంలో నేను దిగింది మోకాళ్ళ లోతు వరకే. నాకు ఈత రాదు. కృష్ణ ఒడ్డున, బెజవాడలో పెరిగినవాడికి ఈత రాకపోవడమేమిటని మీరు అడగవచ్చు. దాని సంగతి తర్వాత చెబుతాను.

స్నార్కెలింగ్ అంటే పెద్ద విద్యేం కాదని అమ్మాయి నాకు వీడియోలు చూపించింది. కళ్ళూ ముక్కూ కప్పే అద్దం ఒకటి, నోట్లో పెట్టుకునే వంపు గొట్టం ఒకటి, కాళ్ళకి రెక్కలు. నీటిమీద బోర్లా తేలుతూ, గొట్టంతో గాలి పీలుస్తూ, కింద పగడాల్నీ చేపల్నీ చూస్తూ ఉండటమే. సిలిండర్లూ అవీ ఉండవు. లైఫ్ జాకెట్ వేసుకుంటే ఈత రానివాళ్ళు కూడా చెయ్యవచ్చట.

దైమానియత్ అంటే తొమ్మిది చిన్న దీవులు. బర్కా తీరానికి దాదాపు 18 కిలోమీటర్ల దూరం. మనుషుల కాపురం లేదు. 1996లో రాజుగారి ఉత్తర్వుతో వాటిని రక్షిత ప్రాంతం చేశారు. గద్ద ముక్కులాంటి మూతి ఉండే హాక్స్‌బిల్ తాబేళ్ళు అక్కడి ఇసుకలో గుడ్లు పెడతాయి. అందుకని మే 1 నుంచి అక్టోబర్ 31 దాకా ఆ దీవుల మీద ఎవర్నీ కాలు పెట్టనివ్వరు. మిగతా రోజుల్లో కూడా పర్మిట్ ఉండాలి. కాబట్టి నా షీటులో మొదటి గడి నిండిపోయింది: ఆఖరు తేదీ, ఏప్రిల్ 30.

మా బిల్డింగులోనూ పక్క వీధిలోనూ ఉన్న మూడు తెలుగు కుటుంబాల్ని కదిపాను. కరీంనగర్ మిత్రుడు, వైజాగ్ మిత్రుడు, కర్నూలు మిత్రుడు. ఉగాది పచ్చడి కలిపినా, ఎయిర్‌పోర్టుకి కార్లు సర్దినా మేం నలుగురమే. అందరూ సరేనన్నారు. నాలుగు ఇళ్ళకి కలిపి పదిహేను మందిమి. నాన్నగారు అప్పుడు మా ఇంట్లోనే ఉన్నారు కాని ఆయన్ని నేను లెక్కలో వెయ్యలేదు. ఆయన రారని నాకు తెలుసు. అడగలేదు కూడా.

రెండు రోజులు ఫోన్లు చేసి ఒక పడవ ఖాయం చేశాను. పూర్తిగా మాకే, పొద్దున్నించి మధ్యాహ్నం దాకా 150 రియాళ్ళు. పదిహేనుతో భాగిస్తే తలకి 10. అప్పటిదాకా విన్న ధరల్లో సగం కంటే తక్కువ. ఒక రియాల్ అంటే మన డబ్బులో 200 రూపాయల పైమాటే కాబట్టి ఈ బేరం చూసి నన్ను నేనే మెచ్చుకున్నాను. 30 రియాళ్ళు అడ్వాన్సు పంపేశాను.

ఆ సాయంత్రం నాన్నగారు కాఫీ గ్లాసుతో వచ్చి నా వెనక నిలబడ్డారు.

"హెడ్ కౌంట్ అంటే ఏమిట్రా?"

"ఎంతమందిమని నాన్నా. తలకి ఎంత పడుతుందో తెలియాలిగా."

"పదిహేను అని వేశావు. పడవ ఎంతమందిని మోస్తుంది?"

"పన్నెండుగురికని రాసుంది. పిల్లలేగా, సర్దుకోవచ్చన్నాడు."

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఫెర్రీ దగ్గర కూడా సర్దుకునే ఎక్కారు" అన్నారు.

బెజవాడ వాళ్ళకి ఆ మాట అర్థం చెప్పక్కర్లేదు. 2017 నవంబర్ 12, కార్తీకమాసం ఆదివారం. ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమానికి వెళ్తున్న పడవ కృష్ణలో తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. ఒంగోలు నించి సరదాగా బయల్దేరి వచ్చినవాళ్ళే ఎక్కువ మంది. ఎక్కవలసిన దానికంటే ఎక్కువ మంది ఎక్కారు, పడవకి అనుమతి లేదు, జాకెట్లు లేవు.

నాకు చర్రున కోపం వచ్చింది. "మీరు ఎప్పుడూ ఇంతే నాన్నా! నీళ్ళంటే చాలు, శవాల కబుర్లు మొదలు పెడతారు" అన్నాను. ఆయన గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ కోపం ఆ రోజుది కాదు. 1992లో కృష్ణా పుష్కరాలొస్తే ఊరంతా నదిలో మునుగుతుంటే, పదకొండేళ్ళ నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి చెంబుతో నెత్తిన పోసి, "అయిపోయింది, పద" అన్న మనిషి ఆయన. పదో తరగతిలో మా క్లాసంతా మంగినపూడి బీచికి వెళ్తే సంతకం పెట్టనివాడు ఆయన. నలభై నాలుగేళ్ళొచ్చినా నీళ్ళలో కాలు పెడితే నా గుండె దడదడలాడుతుందంటే అది ఆయన నాకిచ్చిన ఆస్తి. ఆ ఆస్తి నా కూతురికి రాకూడదనే ఈ ప్రయాణం. ఆ మాట మాత్రం షీటులో ఏ గడిలోనూ రాయలేదు.

కారణం నాకు తెలియదని కాదు. మా నాన్నగారిది దివిసీమ, నాగాయలంకకి దిగువన ఒక పల్లె. 1977 నవంబర్ 19 ఉప్పెనలో పోయినవాళ్ళు పదివేల మందికి పైనే. వాళ్ళలో మా ఇంటివాళ్ళూ ఉన్నారని నాకు తెలుసు. ఎవరు, ఎలా అన్నది మాత్రం ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. ఆ ఏడాదికి ముందువి మా ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదు, అంతే తెలుసు.

నేను అడగలేని మాట మా అమ్మాయి సులువుగా అడిగేసింది. రెండు రోజుల తర్వాత రాత్రి భోజనాలయ్యాక డాబా మీద కూర్చున్నాం. "తాతయ్యా, మీకు ఈత వచ్చా?" అంది.

"ఎందుకు రాదమ్మా? దివిలో పుట్టి ఈత రానివాడు ఉంటాడా? పంటకాలవలో గేదెలతోపాటు ఈదేవాళ్ళం" అన్నారు.

నేను తెల్లబోయాను. నలభై నాలుగేళ్ళుగా ఆ మనిషి ఈదడం నేను చూడలేదు.

"మరి సముద్రమంటే భయమెందుకు?"

ఆయన చాలాసేపు కొండల వైపు చూస్తూ కూర్చున్నారు. తర్వాత, పక్కింటివాళ్ళ సంగతేదో చెబుతున్నట్టు, గొంతు పెంచకుండా చెప్పుకుపోయారు.

"గాలివానొస్తుందని రేడియోలో చెప్పారమ్మా. గాలివాన మాకేం కొత్త? తలుపులు బిగించుకుని కూర్చున్నాం. సముద్రం లేచి ఊళ్ళోకి వస్తుందని ఎవరనుకున్నారు? ఇంట్లో ఏడుగురం. నీళ్ళు గోడ లేచినట్టు వచ్చినాయి. ఈత ఎవడికి పనికొచ్చింది? నాకు తుమ్మచెట్టు దొరికింది. ముళ్ళు గుచ్చుకుంటే గుచ్చుకున్నాయి, అదే పట్టుకున్నా. ఏమీ కనపడదు. పేర్లు పెట్టి పిలుచుకున్నాం. ఏడు పేర్లూ పిలిచా. నలుగురం పలికాం. మళ్ళీ మళ్ళీ పిలుచుకుంటా ఉన్నాం, ఎవరూ నిద్రపోకుండా. తెల్లారేసరికి ముగ్గురమే. మా అమ్మ, అన్నయ్య, నేను. తెల్లారుజాము దాకా పలికిన నాలుగో గొంతు మా చెల్లిది. నీ ఈడుది."

మా అమ్మాయి ఆయన చెయ్యి పట్టుకుంది. నేను లేచి వెళ్ళి పిట్టగోడ దగ్గర నిలబడ్డాను. 2021 అక్టోబర్ 3న షాహీన్ తుఫాను ఒమాన్ మీదికి వచ్చిన రోజు గుర్తొచ్చింది. ఆ రాత్రంతా ఆయన బెజవాడ నించి అరగంటకోసారి ఫోన్ చేశారు. "మేం ఇంట్లోనే ఉన్నాం నాన్నా, తీరంలో వాళ్ళని ముందే ఖాళీ చేయించారు, తుఫాను బతినా వైపు పోయింది" అని ఎన్నిసార్లు చెప్పినా వినేవారు కాదు. "ముగ్గురూ పక్కనే ఉన్నారా? ఒకసారి పలకమను" అనేవారు. చాదస్తమనుకుని విసుక్కుంటూ ఫోన్ తలా ఒకరికీ అందించాను. ఆయన ఆ రాత్రి ఏం చేస్తున్నారో నాకు నాలుగేళ్ళ తర్వాత అర్థమైంది.

"వద్దంటారా నాన్నా?" అని అడిగాను.

"వద్దని ఎప్పుడన్నాను? పడవ ఎంతమందిని మోస్తుందని అడిగాను" అన్నారు.

మర్నాడు ఆయన కాగితం మీద ప్రశ్నలు రాసి ఇచ్చారు. సహకార బ్యాంకులో గుమాస్తా చేసిన మనిషి, అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. పడవ ఎంతమందికి రాసింది? నడిపేవాడికి లైసెన్సు ఉందా? నీళ్ళలో మనతో దిగేది ఎవరు, పడవలో మిగిలేది ఎవరు? జాకెట్లు పిల్లల కొలతకి ఉన్నాయా? సెల్లు అందని చోట ఒడ్డుకి కబురెలా వెళ్తుంది? మనం చెప్పిన వేళకి తిరిగి రాకపోతే ఆ సంగతి ఒడ్డున ఎవరికి తెలుస్తుంది? గాలి తిరిగితే వద్దని చెప్పే పెద్ద ఎవరు? చివరిది: నీళ్ళలోంచి ఎక్కాక తలలు లెక్కపెట్టేది ఎవరు?

పెద్ద పెద్ద కంపెనీలకి రిస్క్ రిజిస్టర్లు తయారుచేసి డబ్బులు తీసుకునేవాణ్ణి. నా షీటులో వీటిలో ఒక్కటీ లేదు.

మొదటి పడవతనికి ఫోన్ చేశాను. జాకెట్లు ఎన్ని అంటే "సరిపోతాయి" అన్నాడు. పిల్లలవి అంటే "గట్టిగా కట్టుకుంటే చాలు" అన్నాడు. రేడియో అంటే నవ్వాడు. అడ్వాన్సు తిరిగి రాదన్న మాట మాత్రం స్పష్టంగా చెప్పాడు. 30 రియాళ్ళు పోయాయి.

ఆఖరి ప్రశ్న గురించి చదువుతుంటే ఒక పాత సంగతి దొరికింది. 1998 జనవరి 25న ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర టామ్, ఐలీన్ లోనర్గాన్ అనే అమెరికన్ దంపతులు డైవింగుకి వెళ్ళారు. పడవ తిరిగి బయల్దేరేటప్పుడు తలలు లెక్కపెట్టడంలో పొరపాటు జరిగింది. పడవ వాళ్ళిద్దర్నీ నడిసముద్రంలో వదిలేసి ఒడ్డుకి వచ్చేసింది. రెండు రోజుల తర్వాత, పడవలో మిగిలిపోయిన వాళ్ళ సంచి చూశాక గాని ఎవరికీ తెలియలేదు. వాళ్ళు దొరకలేదు. ఆ తర్వాతే అక్కడ లెక్కల నియమాలు గట్టిపరిచారు. పడవా గట్టిదే, వాతావరణమూ బాగానే ఉంది. తప్పింది ఒక్క కూడిక.

మిత్రులకి ఈ మార్పు చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది. అల్ మౌజ్ మరీనా నించి వెళ్ళే రెండో పడవ 240 రియాళ్ళు, పన్నెండుగురికి మించి ససేమిరా ఎక్కించుకోరు. కెప్టెను కాకుండా మాతోపాటు నీళ్ళలోకి దిగే గైడు ఒకడు. ఒడ్డుతో మాట్లాడే వీ.హెచ్.ఎఫ్. రేడియో ఉంది. పర్మిట్ వాళ్ళే తీస్తారు. గాలి బాగోకపోతే కెప్టెనే రద్దు చేస్తాడు, డబ్బు తర్వాతి తేదీకి చెల్లుతుంది. "మీ నాన్నగారు మరీ భయపడుతున్నారు బ్రో" అన్నాడు కరీంనగర్ మిత్రుడు. అదివరకైతే నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి. ఈసారి ఆయన రాసిన కాగితం ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. గంటసేపు ఎవరూ పలకలేదు. తర్వాత కర్నూలు మిత్రుడు, "మా చిన్నోడికి మూడేళ్ళే, మేం మానేస్తాం. ఆరో ప్రశ్నకి జవాబు నేనే. పేర్ల లిస్టు నాకు పంపు. రెండింటికల్లా మీరు ఫోన్ చెయ్యకపోతే మరీనాకీ పోలీసులకీ చేస్తా" అన్నాడు. మనస్పర్థ వస్తుందేమోనని భయపడ్డ చోట ఒక తమ్ముడు దొరికాడు.

మిగిలింది పదకొండుగురం. షీటులో తలకి 22 రియాళ్ళ దాకా తేలింది. మా ఆవిడ ఆ అంకె చూసి, "పోనీలెండి, ఈ నెల బిర్యానీలు మానేద్దాం" అంది.

ఇక ఈత. మా బిల్డింగు డాబా మీద చిన్న స్విమ్మింగ్ పూల్ ఒకటుంది. అద్దెలో దానికీ కలిపే తీసుకుంటారు గాని నేను ఏనాడూ దిగలేదు. ఒక శుక్రవారం పొద్దున్నే నాన్నగారు లుంగీ ఎగగట్టి అందులోకి దిగారు. డెబ్భయ్యేళ్ళ మనిషి రెండు బారలు వేసి, వెల్లకిలా తిరిగి, ఆకులా తేలారు. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి లుంగీతో దిగకూడదన్నాడు. మర్నాడు నిక్కరు కొన్నాం.

"నీళ్ళతో కొట్లాడకురా. కొట్లాడితే అది గెలుస్తుంది. తల వెనక్కి వాల్చు, పొట్ట పైకి, ఊపిరి పట్టు" అనేవారు. నా వీపు కింద అరచెయ్యి పెట్టి నిలబడేవారు. ఆ చెయ్యి ఎప్పుడు తీశారో నాకు తెలిసేది కాదు. తెలిస్తే మునిగేవాణ్ణి. మా అమ్మాయికి నాలుగు రోజుల్లో వచ్చింది, నాకు మూడు వారాలు పట్టింది. అద్దమూ గొట్టమూ అద్దెకి తెచ్చుకుని అందులోనే సాధన చేశాం. గొట్టంలోకి నీళ్ళొస్తే కంగారుపడి తల ఎత్తకుండా ఒక్కసారి గట్టిగా ఊదెయ్యాలి. చదివితే ఒక వాక్యం, చెయ్యబోతే ముక్కులో సముద్రం.

ఏప్రిల్ మూడో శుక్రవారం అనుకున్నాం. గురువారం సాయంత్రం కెప్టెన్ ఫోన్ చేసి వాయవ్యం నించి గాలి లేస్తోంది, రేపు వద్దన్నాడు. కిటికీలోంచి చూస్తే ఆకాశం నిర్మలంగా ఉంది. పిల్లలు ఏడుపు మొహాలు పెట్టారు. నాన్నగారు మాత్రం మొదటిసారి ఆ కెప్టెన్‌ని మెచ్చుకున్నారు. "వద్దని చెప్పగలిగినవాడు. వీడితో వెళ్ళచ్చు" అన్నారు. తర్వాత కళ్ళజోడు తుడుచుకుంటూ, "పన్నెండు అన్నావుగా, ఒకటి ఖాళీ. నా పేరు కూడా రాయి" అన్నారు.

నేను షీటు తెరిచి పన్నెండో వరసలో ఆయన పేరు రాశాను. భాగహారం మళ్ళీ చెయ్యలేదు.

ఏప్రిల్ చివరి శుక్రవారం పొద్దున్న ఏడింటికి బయల్దేరాం. మరీనా దాటి పడవ వేగం అందుకోగానే ఆయన కడ్డీని రెండు చేతులతో పట్టుకున్నారు. వేళ్ళు తెల్లబడ్డాయి. గంటసేపు ఒక్క మాట లేదు. దీవులు కనిపించాక, పడవ ఆగి అల నిమ్మళించాక, నీడలో ఒక చోటు చూసుకుని కూర్చున్నారు. ఆయన నీళ్ళలోకి దిగలేదు. దిగమని ఎవరూ అనలేదు.

మేం జోడీలుగా దిగాం. గైడు ముందుగా ప్రవాహానికి ఎదురు తీసుకెళ్ళాడు, అలిసిపోయాక తిరిగి రావడం తేలికవుతుందని. పగడాల మీద నిలబడవద్దు, దేన్నీ ముట్టుకోవద్దన్నాడు. నేను ముఖం నీళ్ళలో పెట్టాను. గుండె దడదడలాడింది. గొట్టంలో నా ఊపిరే నాకు పెద్దగా వినిపించింది. వీపు కింద చెయ్యి ఉందనుకున్నాను. దడ తగ్గాక కింద చూస్తే పసుపు చారల చేపలు, వాటికింద రాళ్ళ రంగులో కలిసిపోయి ఒక తాబేలు. పొలానికి పోతున్న రైతులా తాపీగా వెళ్తోంది. మా అమ్మాయి దాని పైన, పది అడుగుల ఎత్తులో, రెక్కలు చాపి నిశ్శబ్దంగా తేలుతోంది.

అది తల ఎత్తి, గొట్టం ఊడబెరికి, "తాతయ్యా, తాబేలు!" అని అరిచింది.

పడవలోంచి జవాబు రాలేదు. ఆయన వేలు చూపిస్తూ పెదవులు కదుపుతున్నారు. నీళ్ళలో కనిపిస్తున్న జాకెట్లని లెక్కపెడుతున్నారు. పూర్తయ్యాక చెయ్యి ఊపి, "చూశాలే! మా ఊరి ఇసకలోనూ శివరాత్రి రోజుల్లో వచ్చేవి. నువ్వు ముఖం కిందికి పెట్టుకుని చూసుకో!" అన్నారు.

మూడుసార్లు దిగాం, మూడుసార్లు ఎక్కాం. ఎక్కిన ప్రతిసారీ గైడు లెక్కపెట్టాడు, ఆ తర్వాత నాన్నగారు లెక్కపెట్టారు. గైడు వేళ్ళతో లెక్కపెట్టాడు. ఈయన పేర్లు పెట్టి పిలిచారు. పిల్లలకి మొదట నవ్వొచ్చింది. మూడోసారికి ఎవరి పేరు వచ్చినప్పుడు వాళ్ళు, పెద్దవాళ్ళతో సహా, గట్టిగా పలికారు.

ఒంటిగంటా నలభైకి మరీనా చేరాం. నేను కర్నూలు మిత్రుడికి చెయ్యడానికి ఫోన్ తీస్తే ఆయన చెయ్యి చాపారు. ఇచ్చాను. స్పీకరు ఎలా పెట్టాలో తెలియక ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా చెప్పారు.

"బాబూ, పన్నెండుగురం వెళ్ళాం. పన్నెండుగురం వచ్చాం. నువ్విక భోంచెయ్యి."